ఏ ఊరి మనిషి?

2022లో పెన్సిల్వేనియా నుంచి అమెరికన్ సెనేట్‌కి జరిగిన ఎన్నిక చాలామందికి గుర్తుండే ఉంటుంది. రెండు టర్ములు చేసిన పాట్ టూమీ ఇక పోటీ చెయ్యనని ముందే చెప్పేశాడు. సిట్టింగ్ సభ్యుడు లేని సీటు కదా, రెండు పార్టీలూ గట్టిగా ఆశపడ్డాయి. డెమొక్రాట్ల తరఫున జాన్ ఫెటర్‌మన్ నిలబడ్డాడు. రిపబ్లికన్ల తరఫున టీవీ డాక్టర్ మెహ్మెట్ ఆజ్, ప్రైమరీలో డేవిడ్ మెకార్మిక్‌ని 951 ఓట్ల తేడాతో దాటుకుని వచ్చాడు. ధరల పెరుగుదల, అబార్షన్, నేరాలు అంటూ మాట్లాడాల్సినవి చాలా ఉన్నాయి, మాట్లాడారు కూడా. కానీ ఆ వేసవంతా జనం నోళ్ళలో నానిన ప్రశ్న వేరు: అసలు ఈ ఆజ్ ఏ ఊరి మనిషి?

ఆజ్ దశాబ్దాలుగా కాపురం ఉన్నది పక్క రాష్ట్రం న్యూజెర్సీలో. పెన్సిల్వేనియాలో మెడిసిన్ చదివాడు, భార్య తరఫు వాళ్ళది ఫిలడెల్ఫియా శివార్లు. అత్తగారింటి అడ్రస్ మీద ఓటు రాయించుకుని బరిలోకి దిగాడు. మన మాటల్లో చెప్పాలంటే ఇల్లరికపు అభ్యర్థి. ఫెటర్‌మన్ మనుషులు ఊరుకుంటారా? ‘మీ ఇంటికి స్వాగతం’ అని విమానానికి బ్యానర్ కట్టి న్యూజెర్సీ బీచ్‌ల మీద ఎగరేశారు. ఆజ్ ఒక సూపర్‌మార్కెట్లో కూరగాయలు ఏరుతూ ఆ కొట్టు పేరే తప్పు చెప్పిన పాత వీడియో ఆగస్టులో ఊరూరా తిరిగింది. నవంబర్లో ఫెటర్‌మన్ దాదాపు ఐదు శాతం తేడాతో గెలిచాడు.

అందరితోపాటు నేనూ నవ్వాను. నేనుండేది ఆ రాష్ట్రంలోనే, ఫిలడెల్ఫియాకి గంట దూరంలోని ఎక్స్‌టన్‌లో, హెచ్-1బి వీసా మీద. ఇంటి పన్ను కడతాను, అందులో పెద్ద వాటా స్కూళ్ళకి పోతుంది. ఓటు మాత్రం లేదు. పౌరుడిని కాను కాబట్టి లేదు, ఆ లెక్క నాకు అర్థమవుతుంది. కానీ ‘వాడు ఇక్కడివాడు కాదు’ అన్న జోక్ విని నవ్వుతున్నప్పుడు అది ఎవరెవరికి తగులుతుందో ఆలోచించకుండా ఉండలేకపోయాను.

చట్టం ఈ విషయంలో పెద్దగా సాయం చెయ్యదు. సెనేటర్‌కి ముప్పై ఏళ్ళ వయసు, తొమ్మిదేళ్ళ పౌరసత్వం ఉండాలి, ఎన్నికయ్యే నాటికి ఆ రాష్ట్ర నివాసి అయ్యుండాలి. ఎన్నాళ్ళుగా నివాసి అన్నది అమెరికా రాజ్యాంగం అడగదు. ఐర్లండ్‌లో పుట్టిన జేమ్స్ షీల్డ్స్ పంతొమ్మిదో శతాబ్దంలో ఇల్లినాయ్, మినెసోటా, మిస్సోరి అని మూడు వేర్వేరు రాష్ట్రాలకి సెనేటర్‌గా చేశాడు. 1964లో రాబర్ట్ కెనెడీ, 2000లో హిల్లరీ క్లింటన్ ఇలాగే న్యూయార్క్ వచ్చి గెలిచారు.

ఊరితో పనేముంది, మనిషి సమర్థుడైతే చాలదా అనే వాదన పాతదే. 1774లో బ్రిస్టల్ ఓటర్లతో ఎడ్మండ్ బర్క్ చెప్పినదాని సారం కూడా దానికి దగ్గరగానే ఉంటుంది. ప్రతినిధి ఒక ఊరికి ఏజెంటు కాదు, దేశం మొత్తం మేలు కోసం తన బుద్ధితో ఆలోచించాల్సినవాడు. నాకు నచ్చే వాదనే. కానీ సెనేట్ దగ్గరికొచ్చేసరికి ఇది ఇరుక్కుపోతుంది. ఆరు లక్షల లోపు జనాభా ఉన్న వయోమింగ్‌కీ, దాదాపు నాలుగు కోట్లున్న కాలిఫోర్నియాకీ అక్కడ చెరి రెండు సీట్లు. రాష్ట్రం అనేది ఒక ప్రత్యేకమైన చోటు, దానికంటూ ఒక గొంతుండాలి అన్న నమ్మకం తప్ప ఈ అసమానతకి ఇంకో సమర్థన లేదు. చోటుతో సంబంధం అక్కర్లేదంటే ఆ లెక్క మొత్తం కూలిపోతుంది.

మనం ఆ నమ్మకాన్ని 2003లోనే సడలించేశాం. రాజ్యసభకి పోటీ చెయ్యాలంటే ఆ రాష్ట్రంలో ఓటరై ఉండాలన్న నిబంధన ఆ ఏడాది తీసేశారు, 2006లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. అలా మహారాష్ట్రకి చెందిన సురేష్ ప్రభు ఆంధ్రప్రదేశ్ తరఫున సభలో కూర్చున్నాడు. తెలంగాణ నుంచి అభిషేక్ మను సింఘ్వీ వెళ్ళాడు. ఓటేసేది ఎమ్మెల్యేలు కాబట్టి మనల్నెవరూ అడగలేదు, మనం కూడా పెద్దగా పట్టించుకోలేదు.

అయితే ‘ఇక్కడివాడు కాదు’ అన్న ఒకే మాటలో రెండు వేర్వేరు ఆరోపణలు దాక్కుంటాయి. ఆజ్‌ని ఫెటర్‌మన్ న్యూజెర్సీ మనిషి అన్నాడు. అంతకుముందు ప్రైమరీలో సొంత పార్టీ ప్రత్యర్థులు అతని టర్కీ పౌరసత్వాన్ని ఎత్తిచూపారు. నువ్వెక్కడ బతుకుతున్నావు అనేది మొదటి ప్రశ్న. నువ్వెవరి బిడ్డవి అనేదానికి రెండోది చాలా దగ్గరగా వెళ్తుంది. ముల్కీ నిబంధనల నుంచి 371-డి దాకా లోకల్, నాన్‌లోకల్ గొడవల మధ్య పెరిగిన మనకి ఈ రెండూ ఎంత తేలిగ్గా కలిసిపోతాయో ఎవరూ చెప్పక్కర్లేదు. న్యాయమైన డిమాండ్‌కీ, పక్కింటివాణ్ణి వెళ్ళిపొమ్మనడానికీ అదే మాట సరిపోతుంది.

పుట్టుకే కొలత అనుకుంటే ఫెటర్‌మన్‌కీ చిక్కే. అతను పెరిగింది యార్క్‌లో. కార్నెగీ ఉక్కు మిల్లు కట్టిన బ్రాడక్ అనే ఊరికి 2001లో బయటివాడిగానే వచ్చాడు. ఒకప్పటి జనాభాలో దాదాపు పదోవంతు మాత్రమే మిగిలిన ఊరది. 2005లో ఒకే ఒక్క ఓటు తేడాతో ప్రైమరీ గెలిచి మేయరై, పదమూడేళ్ళు చేశాడు. ఒక చేతి మీద ఊరి పిన్‌కోడ్, రెండో చేతి మీద తన హయాంలో అక్కడ జరిగిన హత్యల తేదీలు పచ్చబొట్టు వేయించుకున్నాడు. పచ్చబొట్లు ప్రచారానికి పనికొస్తాయి, నిజమే. కానీ 2010లో ఆ ఊళ్ళో ఉన్న ఆసుపత్రి మూసేసినప్పుడు అతను అక్కడే ఉన్నాడు. అతన్ని ఆ ఊరి మనిషిని చేసింది అదీ అంటాను.

అంటే నా దృష్టిలో స్థానికత పుట్టుకకి సంబంధించినది కాదు. ఒక నిర్ణయం ఫలితం నీ గడప దాకా వస్తుందా అన్నదే దానికి కొలత. 2024 మేలో హైదరాబాద్ నుంచి బస్సులు పట్టుకుని ఆంధ్రాకి వెళ్ళి ఓటేసొచ్చిన ఐటీ ఉద్యోగుల్ని ‘అక్కడ ఉండరుగా’ అని కొట్టిపారెయ్యలేకపోవడం కూడా ఇందుకే. అమ్మానాన్నల పెన్షన్, పొలానికి కాలవ నీళ్ళు వాళ్ళ గడపకీ సంబంధించినవే. ఇదే కొలత ప్రకారం ఓటు లేని నేనూ ఎక్స్‌టన్ వాణ్ణే.

ఈ కొలతకి హద్దులున్నాయి. స్థానికుడైనంత మాత్రాన మనం చెప్పినట్టు వింటాడని కాదు. గాజా యుద్ధం విషయంలో ఫెటర్‌మన్ తనని గెలిపించిన వాళ్ళలో చాలామందిని నొప్పించాడు. ఓటర్లు కూడా ఎప్పుడూ ఒకేలా తూచరు. 951 ఓట్లతో ఓడిన మెకార్మిక్ పెన్సిల్వేనియాలోనే పుట్టిపెరిగినా కనెటికట్‌లో ఉంటున్నాడన్న విమర్శ తప్పలేదు. అయినా 2024లో స్క్రాంటన్ బిడ్డ బాబ్ కేసీని ఓడించి అదే రాష్ట్రానికి సెనేటరయ్యాడు. ఇక ఆజ్, 2025లో మెడికేర్, మెడికెయిడ్‌లని నడిపే సంస్థకి అధిపతి అయ్యాడు. అప్పుడు అతని సామర్థ్యం గురించి వాదించారు గానీ, ఏ రాష్ట్రం వాడన్నది సమస్య కాలేదు. అవ్వాల్సిన అవసరమూ లేదు, ఆ కుర్చీ ఏ రాష్ట్రం పేరు మీదా లేదు.

ఒక చోటు పేరు మీదున్న కుర్చీ అడిగేవాళ్ళని మాత్రం మనం ప్రశ్నించాలి. ఎక్కడ పుట్టారని అడిగితే సగం మంది మంచివాళ్ళు బయటికి పోతారు. ఎన్నాళ్ళుగా ఉంటున్నారంటే అడ్రస్ ప్రూఫ్ చూపిస్తారు. గెలిస్తే ఏం చేస్తారో ఎలాగూ మేనిఫెస్టోలో ఉంటుంది. ఇంకొక్కటి అడగొచ్చు: ఓడిపోతే, ఆ మర్నాటి నుంచి మీరెక్కడుంటారు?