ఎంగిలి పీక, మంగళవాద్యం

సన్నాయి పీక పొడిగా ఉంటే పలకదు. ఎండిన రెల్లుజాతి కాడను అదిమి, నూలుతో కట్టిన ఆ రెండు పొరలూ ఉమ్మితో నానాలి. అప్పుడే వాటి మధ్య సందు ఊపిరికి తెరుచుకుంటూ మూసుకుంటూ కంపిస్తుంది. ఎంగిలి సోకిన వస్తువు దేవుడికి పనికిరాదన్నది ఆచారం. అయినా కరీంనగర్ ప్రాంతపు గుళ్ళలో, పెళ్ళిపందిళ్ళలో మంగళవాద్యం సన్నాయే.

ఎంగిలి ఇక్కడ తుడిచేస్తే పోయే మరక కాదు. శ్రుతి నిలిచేదే దాని మీద. పీక ఎంత నానిందో దాన్నిబట్టి శ్రుతి మారుతుంది. పెదవి బిగిస్తే స్వరం ఎక్కుతుంది, సడలిస్తే దిగుతుంది. గమకాల్లో సగం పని వేళ్ళది కాదు, పెదవులదే. పీకను లోపలికి దించితే లోపలి గాలి నిడివి తగ్గి శ్రుతి పెరుగుతుంది. ఊదేకొద్దీ ఆ గాలి వేడెక్కుతుంది. ఒక్కో సెల్సియస్ డిగ్రీకి ధ్వనివేగం సెకనుకు సుమారు 0.6 మీటర్లు హెచ్చుతుంది గనుక, చలికాలపు వేకువసేవలో మొదట పట్టిన శ్రుతి కాసేపటికే పైకి జరుగుతుంది. పక్కన ఆధారశ్రుతి పట్టే ఒత్తును రంధ్రాలకు మైనం అద్ది సరిచేస్తారు.

ఎంగిలి వాద్యం దేవుడికెలా పనికొస్తుందన్న చిక్కుకు శాస్త్రంలో జవాబు లేకపోలేదు. వైశేషికుల లెక్కలో శబ్దం ఆకాశగుణం, స్పర్శ వాయుగుణం. ఎంగిలి అంటేది స్పర్శతో. నాదానికి అది అంటదు. పురాణం ఇంకా ముందుకెళ్ళింది. పాల్కురికి సోమనాథుడు బసవపురాణంలో చెప్పిన కన్నప్ప పుక్కిట పట్టి తెచ్చిన నీళ్ళతోనే శివుడికి అభిషేకం చేశాడు. ఆచారం మాత్రం ఇంత ఉదారం కాదు: పూరించే శంఖం వేరు, అభిషేకశంఖం వేరు.

సన్నాయి విషయంలో ఆచారం మరో దారి తొక్కింది. వాద్యాన్ని మంగలి కులానికి వదిలింది. గర్భగుడిలోకి అర్చకులు తప్ప ఎవరూ వెళ్ళరు గనుక వాద్యకారుడు బయట నిలవడం ఒక్కటే పెద్ద రుజువు కాదు. నాదాన్ని కోరుకుని, ఊదేవాడిని కింది మెట్టున ఉంచడమే అసలు ఏర్పాటు. దానికి ఎంగిలిని కారణంగా చూపడం తేలిక.

ఆ కారణం ఎంత గట్టిదో ఆదిలాబాద్‌లో తేలుతుంది. రాజ్‌గోండుల వంశదేవతల కొలువులో వారి గాయకులైన పర్ధాన్‌ల పాట, వాద్యం లేనిదే తంతు సాగదు. మానవశాస్త్రవేత్త హైమెండార్ఫ్ 1940లలో ఇక్కడే ఉండి ఈ బంధాన్ని నమోదు చేశాడు. పర్ధాన్‌లు ఊదే పెప్రెకు నోరు తగలాలి. వాళ్ళ ముఖ్యవాద్యమైన కిక్రి మాత్రం కమానుతో మోగే తీగవాద్యం, ఉమ్మితో దానికి పనేలేదు. అయినా పర్ధాన్ వండిన అన్నం గోండులు తినకపోవడం పాత కట్టుబాటు. ఎంగిలే అంతరానికి మూలమైతే కిక్రి వాయించేవాడికి అది వర్తించకూడదు. అంతరం ముందునుంచీ ఉంది, ఎంగిలి దానికి తర్వాత దొరికిన సాకు.