యజమాని లేని సొత్తు

విశాఖపట్టణమునుండి భీమునిపట్టణమునకుఁ బోవు తీరమున, మంగమారిపేటకడ, సముద్రము తొలిచిన రాతితోరణమొకటి కలదు. చోడవరమునుండి విద్యార్థులను గొనిపోయి మేము దానిని జూపుచుందుము. ఇట్టి చోట్ల రాతిని విఱిచి యింటికిఁ గొనిపోవువారును, పేరు చెక్కువారును గలరు. అడిగినచో, "ఇది యెవరి సొత్తు? అలలే దినదినము దీని నరుగఁదీయుచుండ, మా గీఁత యెంత?" యందురు.

వినుట కీ వాదము సొంపుగానే యున్నది. తోరణమును దొలిచినవి యలలే, కూల్చునవియు నలలే. కాని మనుజుఁడు మర్త్యుఁడగుటచేత నరహత్య దోషము గాకపోవునా? అలలకు వివేకము లేదు, మనకుఁ గలదు. దోషము నష్టపరిమాణమునందుఁ గాక, యెఱిఁగి చేయుటయందున్నది.

ఇఁక యజమాని మాట. సమీపమున తొట్లకొండపై 1988 మొదలు 1993 వఱకు జరిగిన త్రవ్వకములలో బౌద్ధవిహారము బయల్పడినది. స్వంతసొత్తు విడిచిన భిక్షువుల సంప్రదాయమున విహారము నాలుగుదిక్కుల సంఘమునకుఁ జెందును: వచ్చినవారికిని, ఇఁక రానున్నవారికిని. ఎవరిదియుఁ గానిదను మాటకు మే మెఱిఁగిన సరియైన యర్థ మిదియే. రేపు రాఁబోవు బాలుఁడు నేఁడు మన చేయి పట్టుకొనలేఁడు. కావుననే వాని పాలు మనయొద్ద నిక్షేపమై యున్నది. నిక్షేపమును మరల నొప్పగింపనివానిని దొంగవలె దండింపవలెనని మనుస్మృతియే చెప్పుచున్నది.