కర్త లేని క్రియ: స్పానిష్ ఆత్మార్థక, కర్మార్థక సర్వనామాల నైతిక పరిశీలన

ఒక వాక్యంలోని ప్రతి పదమూ సత్యమై ఉండి, ఆ వాక్యం ఒక అపరాధాన్ని కప్పిపుచ్చగలదా? జరగనిది జరిగిందని చెప్పడం అసత్యమనడంలో ఎవరికీ సందేహం లేదు. జరిగినదాన్నే, చేసినవాణ్ణి తప్పించి చెప్పడాన్ని ఏ కోవలో చేర్చాలన్నదే చిక్కు. ఈ చిక్కును పరిశీలించడానికి స్పానిష్ భాషలోని రెండు చిన్న సర్వనామాలు మంచి ఆధారం. ఒకటి ఆత్మార్థకమైన ‘సె’. రెండవది కర్మార్థకమైన ‘లో’, దాని బహువచనం ‘లోస్’. ఏ స్పానిష్ పాఠ్యపుస్తకంలోనైనా తొలి పాఠాల్లోనే కనిపించే ఈ మాటల మధ్య భేదం ఇరవయ్యో శతాబ్దపు లాటిన్ అమెరికాలో వేలాది కుటుంబాలకు న్యాయం కోసం జరిగిన పోరాటంలో భాగమయింది.

చేయి జారి గ్లాసు పగిలినప్పుడు స్పానిష్ వక్త ‘సె మె రొంపియో ఎల్ వాసో’ అంటాడు. ‘రొంపెర్’ అంటే పగలగొట్టు. అది సకర్మక ధాతువు. ‘సె’ చేరగానే గ్లాసే తనంతట తాను పగిలినట్లవుతుంది. తెలుగు ఈ పనిని ‘పగులు’, ‘పగలగొట్టు’ అనే వేరువేరు రూపాలతో సాధిస్తుంది. ‘మె’ అనే చతుర్థ్యర్థక సర్వనామం, అంటే ‘నాకు’ అన్నది, వక్తను కర్త స్థానం నుండి తప్పించి, ఫలితం తగిలినవాడి స్థానంలో నిలుపుతుంది. పగిలిన గ్లాసుతో అతనికి సంబంధం ఉంది. అయితే ఆ సంబంధం ‘నేను పగలగొట్టాను’ అన్నంత దూరం పోదు.

సంస్కృత వ్యాకరణం తెలిసినవారికి ఇందులో కొత్తదనం కనిపించదు. అష్టాధ్యాయిలో పాణిని (3-1-87) చెప్పిన కర్మకర్తరి ప్రయోగం ఇలాంటిదే: కట్టె దానంతటదే చీలుతుంది, అన్నం దానంతటదే ఉడుకుతుంది. చీల్చేవాడు, వండేవాడు లేరని దీని అర్థం కాదు. పని ఎంత సులువుగా సాగుతున్నదో చెప్పదలచినప్పుడు కర్తృవ్యాపారం వివక్షితం కాదని వ్యాఖ్యాతల వివరణ. ‘వివక్ష’ అంటే చెప్పాలనే ఇచ్ఛ. నేటి పత్రికాభాషలో ఈ మాట భేదభావానికి పర్యాయమై అసలు అర్థాన్ని దాదాపు పోగొట్టుకున్నది. అయితే నైతిక విచారణకు కీలకం ఆ పాత అర్థంలోనే ఉంది. కర్తను చెప్పకపోవడం వ్యాకరణ నిర్బంధం కాదు, వక్త ఇచ్ఛ. ఇచ్ఛ ఉన్నచోట బాధ్యత కూడా ఉంటుంది.

ఇంతమాత్రాన ‘సె’ ప్రయోగాన్ని బాధ్యత తప్పించుకునే భాషగా తీర్మానించడం తొందరపాటు. కైట్లిన్ ఫాసీ, లెరా బొరొడిట్‌స్కీ 2011లో ప్రచురించిన పరిశోధన ఈ సందర్భంలో గమనించదగినది. ఉద్దేశపూర్వకంగా చేసిన పనులను వర్ణించేటప్పుడు ఇంగ్లీషు, స్పానిష్ వక్తలు ఇరువురూ ఒకే విధంగా కర్తను పేర్కొన్నారు. ప్రమాదవశాత్తు జరిగినవాటిని వర్ణించేటప్పుడు మాత్రం స్పానిష్ వక్తలు కర్తను తక్కువగా పేర్కొన్నారు; ఆ కర్త ఎవరో గుర్తుంచుకోవడంలోనూ ఇంగ్లీషు వక్తల కంటే వెనుకబడ్డారు. చివరి అంశాన్ని లోపంగా చూపడం పరిపాటి. కాని మొదటి రెండు అంశాలను కలిపి చూస్తే, బుద్ధిపూర్వకమైన చర్యకూ కాకతాళీయమైన సంఘటనకూ మధ్య నీతిశాస్త్రం కోరే భేదాన్నే స్పానిష్ వాడుక వాక్యనిర్మాణంలో పాటిస్తున్నదని తేలుతుంది. దోషం ‘సె’లో లేదు. ఉద్దేశించి చేసిన పనికి ప్రమాదపు వ్యాకరణాన్ని తొడిగినప్పుడే దోషం పుడుతుంది.

అర్జెంటీనాలో 1976 మార్చి 24న సైన్యం అధికారాన్ని చేజిక్కించుకున్న తరువాత జరిగింది సరిగ్గా ఇదే. మనుషులను ఇళ్ల నుండి, పని చేసే చోట్ల నుండి, వీధుల నుండి ఎత్తుకుపోయి రహస్య నిర్బంధ కేంద్రాలలో ఉంచారు. వారిలో అత్యధికులను చంపారు. అధికారిక సమాధానం మాత్రం వారు ‘దెసపరెసీదోస్’, అంటే కనిపించకుండా పోయినవారు అన్నది. 1979లో ఒక పత్రికా సమావేశంలో సైనిక పాలకుడు హోర్హే రఫాయెల్ విదేలా, అలాంటి వ్యక్తి బ్రతికీ లేడు, చనిపోయీ లేడు, అతనికి అస్తిత్వమే లేదు అన్న ధోరణిలో మాట్లాడాడు. ‘దెసపరెసెర్’ ప్రధానంగా అకర్మక ధాతువు. సూర్యుడు మబ్బుల చాటున, నొప్పి మందుతో, మనిషి జనసమ్మర్దంలో కనిపించకుండా పోవడానికి వాడేది. ‘దెసపరెసియెరోన్’, అంటే ‘మాయమయ్యారు’, అన్న మాటలో అబద్ధం ఏదీ లేదు. వారు నిజంగానే కనబడటం లేదు. ఇక్కడ ‘సె’ అవసరం కూడా లేకపోయింది. ధాతువే కర్తృవ్యాపారాన్ని మింగివేసింది.

దీనికి ఎదురుగా వాడుకలో బలపడిన ప్రయోగం ‘లోస్ దెసపరెసియెరోన్’: వారిని మాయం చేశారు. ఒక్క కర్మార్థక సర్వనామం ముందు చేరడంతో అకర్మక క్రియ సకర్మకమయింది. వ్యాకరణ శుద్ధివాదులకు ఇది చెవికి ఎబ్బెట్టుగా తోచవచ్చు. ‘అసెర్ దెసపరెసెర్’ అనే ప్రేరణార్థక రూపం సిద్ధంగా ఉండగా ఇది ఎందుకని వారి ప్రశ్న. కాని ఈ ప్రయోగం చేసే వాదం దాని నిర్మాణంలోనే ఉంది. కర్మ ఉన్నదంటే దానిని ఉద్దేశించిన కర్త ఒకడున్నాడు. కర్త పేరు తెలియనివారు, చెప్పలేనివారు కూడా కర్త ఉనికిని మాత్రం వాక్యంలో స్థాపించగలిగారు. తెలుగులో ‘మాయమగు’, ‘మాయం చేయు’ అనే జంట ఎప్పటినుంచో ఉన్నందున ఈ ప్రయోగంలోని సాహసం తెలుగు పాఠకుడికి వెంటనే తట్టదు.

కర్మ స్థానంలో ఉన్నది మనిషా, వస్తువా అన్న వివేచన కూడా ఈ సందర్భంలో అప్రస్తుతం కాదు. స్పానిష్‌లో నిర్దిష్టమైన వ్యక్తి కర్మ అయితే ముందు ‘ఆ’ అనే విభక్తి చేరాలి. పుస్తకాన్ని వెతకడానికి అది అక్కరలేదు, కొడుకును వెతకడానికి తప్పనిసరి. జడవాచకాలకు ద్వితీయ స్థానంలో ప్రథమ రావచ్చునన్న చిన్నయసూరి సూత్రం కూడా ఇదే విభజనను గుర్తిస్తుంది: ‘పుస్తకం వెతికింది’ అనవచ్చు గాని ‘కొడుకు వెతికింది’ అంటే అర్థం తారుమారవుతుంది. 1977 ఏప్రిల్ 30న బ్వెనోస్ ఐరెస్‌లోని ప్లాసా దె మాయోలో గుమిగూడిన తల్లులు వెతుకుతున్నది సంఖ్యలను కాదు, పేరున్న బిడ్డలను. 1984లో జాతీయ విచారణ సంఘం తన నివేదికలో దాదాపు తొమ్మిది వేల కేసులను నమోదు చేసింది. మానవ హక్కుల సంఘాలు చెప్పే సంఖ్య ముప్పై వేలు.

మెక్సికోలో 2014 సెప్టెంబరు 26 రాత్రి ఇగ్వాలా పట్టణంలో అయోత్సినాపా ఉపాధ్యాయ శిక్షణ కళాశాలకు చెందిన 43 మంది విద్యార్థులు అపహరణకు గురైన తరువాత దేశమంతటా వినిపించిన నినాదం ‘బీబోస్ సె లోస్ యెబారోన్, బీబోస్ లోస్ కెరేమోస్’: ప్రాణాలతో తీసుకుపోయారు, ప్రాణాలతోనే కావాలి. అర్జెంటీనా తల్లుల నినాదం దీనికి దగ్గరి రూపమే. మెక్సికో పాఠంలో ‘సె’, ‘లోస్’ రెండూ పక్కపక్కనే నిలిచాయి. గ్లాసు విషయంలో కర్తను తుడిచివేసిన ‘సె’యే ఇక్కడ క్రియాఫలాన్ని కర్తకు ముడివేస్తున్నది, తెలుగులో ‘తీసుకొనిపోయారు’ అన్నప్పటి ‘కొను’ చేసే పని ఇదే. సంస్కృతంలోనూ క్రియాఫలం కర్తకే చెందేచోట వచ్చే ఆత్మనేపదమే, కర్త వివక్షితం కాని కర్మకర్తరిలోనూ వస్తుంది. మూడు భాషల్లోనూ రూపం ఒంటరిగా నీతిని నిర్ణయించదు. పక్కన ‘లోస్’ నిలవగానే ‘సె’కు తప్పించుకునే దారి మూసుకుపోయింది.

ఈ వాదానికి రెండు ఆక్షేపణలున్నాయి. బాధితుణ్ణి కర్మగా నిలపడం అతని కర్తృత్వాన్ని, అతని రాజకీయ జీవితాన్ని చెరిపివేస్తుందన్నది మొదటిది. ఇది తేలికగా తోసివేయదగినది కాదు. అయితే ఆ వాక్యం చెబుతున్నది అతని జీవితాన్ని గురించి కాదు, అతనికి జరిగిన ఒక చర్యను గురించి. రెండవది మరింత గట్టిది: ‘యెబారోన్’లో కర్త ఉన్నా, అది ఎవరో తెలియని ప్రథమపురుష బహువచనం. తెలుగులో ‘తీసుకుపోయారు’ అన్నంత అస్పష్టం. వ్యాకరణం కర్తకు స్థానం ఇవ్వగలదే గాని పేరు ఇవ్వలేదు. ఆ పని న్యాయస్థానాలది. 1985లో సైనిక పాలకులపై జరిగిన విచారణలో విదేలా, ఎమీలియో మస్సేరాలకు యావజ్జీవ శిక్ష పడినప్పుడు ఆ స్థానంలోకి కొన్ని పేర్లు వచ్చాయి. ఐక్యరాజ్యసమితి 2006లో ఆమోదించిన ఒడంబడిక, బలవంతపు అదృశ్యాన్ని నిర్వచించేటప్పుడే రాజ్యపు ప్రతినిధులను, రాజ్యం అనుమతితో పనిచేసేవారిని కర్తలుగా పేర్కొన్నది. భారతదేశం దానిపై 2007లో సంతకం చేసింది గాని ఇంకా ధ్రువీకరించలేదు.

అయోత్సినాపా విద్యార్థులలో ముగ్గురి అవశేషాలను మాత్రమే గుర్తించారు. మిగిలిన నలభైమంది విషయంలో ‘యెబారోన్’ అన్న క్రియకు ఇప్పటికీ పూర్తి పేర్ల జాబితా లేదు. అదే నినాదంలోని రెండవ క్రియ ‘కెరేమోస్’కు మాత్రం కర్త ఎవరో వెతకవలసిన అవసరం లేదు, అది ఉత్తమపురుష బహువచనం, ‘మేము’.