సంగమం దాటాక

శుభలేఖ ముసాయిదా రాస్తూ కూర్చున్నాం. ఉన్నట్టుండి మా అమ్మాయి, "అమ్మా, పెళ్లయ్యాక నేను ఇంటిపేరు మార్చుకోను" అంది. మా ఆయన గబుక్కున పేపరు అడ్డం పెట్టుకున్నారు. నవలల్లో నాయికల చేత ఇలాంటి మాటలు బోలెడు అనిపించిన నేనేమో, "వియ్యాలవారు ఏమనుకుంటారే?" అన్నాను. చెప్పొద్దూ, నా మాట నాకే రుచించలేదు.

మర్నాడు ముగ్గురం కందకుర్తి వెళ్లాం, అత్తయ్యను కూడా తీసుకుని. నిజామాబాదు నుంచి బోధన్ మీదుగా దారి. మంజీర, హరిద్ర వచ్చి గోదావరిలో కలిసేది అక్కడే. "ఇందులో మంజీర ఏది?" అంది అమ్మాయి. గట్టున పూలమ్మే ఆవిడ నవ్వింది. "ఇగ మంజీర ఏడిదమ్మా? ఈడికెళ్లి అంత గోదారే!"

ఆ మాట నా మనసులో ముల్లులా దిగింది. బీడ్ జిల్లా బాలాఘాట్ కొండల్లో పుట్టి, మూడు రాష్ట్రాల నేల తడిపి, ఏడు వందల కిలోమీటర్లకు పైగా నడిచొచ్చిన మనిషి – నదిని మనిషి అన్నానా? పోనివ్వండి – చివరికి ఊరూపేరూ లేకుండా పోయింది. 1923లో మొదలుపెట్టి 1931కి ఆమె మీద నిజాంసాగర్ కట్టారు. ఆ కాలవల కిందే చెరుకు పండింది. ఆ చెరుకును నమ్ముకునే 1937లో బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ వెలిసింది. ఆసియాలోనే పెద్దదని చెప్పుకునేవాళ్లం. 2015లో మూతపడింది. 1965 నుంచి హైదరాబాదు దాహమూ తీర్చింది మంజీరే. మన కాఫీలో పాలు, పొడి తప్ప తక్కినవన్నీ ఆమె పెట్టుబడే అన్నమాట! అయినా సంకల్పంలో ఆమెను తలుచుకునేవాళ్లు ఎందరు?

ఇది మన దగ్గరి సంగతే కాదు. చెక్ దేశంలో వల్తవ అని ఒక నది. ప్రాగ్ నగరం దాని ఒడ్డునే ఉంది. స్మెతానా అనే సంగీతకారుడు 1874లో, వినికిడి పోయాక, దాని ప్రవాహాన్ని స్వరాల్లో కట్టాడు. ఆ దేశానికి అది ప్రాణం. అయితే మెల్నిక్ దగ్గర అది ఎల్బేలో కలుస్తుంది. విచిత్రమేమిటంటే, ఆ కలిసేచోట వల్తవే పొడుగు, నీళ్లూ దానివే ఎక్కువ. పేరు మాత్రం ఎల్బేది! అంచేత పెద్దదాంట్లో చిన్నది కలిసిపోవడం సహజమే కదా అనే వాదన కూడా నిలబడదు.

పేరు లేకుండా ఇవ్వడం గొప్పతనం కాదా అంటారా? గొప్పతనమే. నేనూ ఆ మాట చాలాసార్లు రాశాను. కానీ ఆ గొప్పతనం ఎప్పుడూ ఒక్కరి వంతుకే వస్తుంటే, దాన్ని త్యాగం అనాలా, అలవాటు అనాలా? ఇచ్చేవాళ్లను అడిగి పుచ్చుకున్నది త్యాగం. నదిని ఎవరడిగారు గనక!

మెట్ల మీద కూర్చున్న అత్తయ్యను చూశాను. 1970లో కృష్ణా జిల్లా నుంచి కోడలిగా బోధన్ దగ్గర క్యాంపుకు వచ్చింది. మామయ్య మంచానపడ్డాక పదిహేనేళ్లు చెరుకు చేసింది ఆవిడే. నీళ్ల వంతు కోసం రాత్రిళ్లు లాంతరు పట్టుకుని కాలవ గట్టున కాపలా కాసింది. పొలం కాగితాలు మాత్రం మామయ్య పేరునే నడిచాయి.

"అత్తయ్యా, మీ పుట్టింటి పేరేమిటి?" అన్నాను. ఇరవై ఆరేళ్లుగా ఒకే ఇంట్లో ఉన్నాం. నాకు తెలియదు. సిగ్గేసింది.

ఆవిడ వెంటనే చెప్పలేదు. నీళ్లకేసి చూస్తూ ఉండిపోయింది. తర్వాత నెమ్మదిగా, బళ్లో హాజరు పిలిచినప్పుడు పలికినట్టు, ఇంటిపేరుతో సహా పూర్తి పేరు చెప్పింది. మా అమ్మాయి ఆ పేరును రెండుసార్లు పైకి అనుకుంది.

ఇంటికొచ్చాక మా ఆయన శుభలేఖ ముసాయిదా ముందు పెట్టుకుని, "ఇంతకీ ఏం తేల్చారు?" అన్నారు. నేను నోరు తెరిచేలోగా అత్తయ్య కళ్లజోడు తుడుచుకుంటూ, "దాని సంగతి దాన్నే తేల్చుకోనీరా. నానమ్మ అని నా పేరు వేస్తావుగా, పక్కన మా పుట్టింటి పేరు వేయించు" అంది.