పులికి ఆకలి వేయదా

బెంగళూరులో బడికి వెళ్ళే పిల్లలకు పుణ్యకోటి పాట రాకుండా ఉండదు. ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లలైనా సరే, ఏదో ఒక స్కూల్ డేలో ఆ కన్నడ జానపద గీతం పాడే ఉంటారు. కథ మనకు కొత్తది కాదు. అనంతామాత్యుడి భోజరాజీయంలోని గోవ్యాఘ్ర సంవాదాన్ని మా తరం తెలుగు వాచకంలో చదువుకుంది. మేతకు వెళ్ళిన ఆవు పులి కంటబడుతుంది. దూడకు పాలిచ్చి తిరిగి వస్తానని మాటిచ్చి వెళుతుంది, అన్నట్టే వస్తుంది. కన్నడ పాటలో ఆ పులి సిగ్గుతో కుమిలిపోయి, బండ మీంచి దూకి ప్రాణం తీసుకుంటుంది.

మా మనవరాలికి ఐదేళ్ళు. ఆ పాట నేర్చుకుని వచ్చిన సాయంత్రం వంటింటి గడప మీద కూర్చుని మొత్తం పాడింది. ఆవు తన దూడను తోటి ఆవులకు అప్పగించే చోట మా ఆవిడ కొంగుతో కళ్ళొత్తుకుంది. పిల్ల అక్కడ చలించలేదు. టీచరు నేర్పినట్టే చేతులు తిప్పుతూ పాడుకుంటూ పోయింది. పులి దూకే చోటికి వచ్చేసరికి గొంతు ఆగింది, కింది పెదవి వణికింది. "నానమ్మా, పులికి ఆకలేసింది కదా, దానికెవరూ ఏం పెట్టలేదా?" అంది. పులి మంచిదైపోయిందమ్మా అని మా ఆవిడ సముదాయించబోయింది. "మంచిదైతే చచ్చిపోవాలా?" అని బావురుమంది.

దానికి మా దగ్గర జవాబు లేదు. ఆడిన మాట తప్పకూడదని నేర్పడానికి పెద్దవాళ్ళు అల్లుకున్న కథ అది. పిల్ల ఆ నీతి వైపు చూడనే లేదు, తిన్నగా ఆకలి దగ్గరికీ చావు దగ్గరికీ వెళ్ళింది. ఎవరి కోసం ఏడవచ్చో, ఎవరి కోసం ఏడవకూడదో మనకు ఎప్పుడో ఒక లెక్క ఏర్పడిపోయింది. ఆవు మనది, పులి మనది కాదు. ఐదేళ్ళ పిల్లకు ఆ లెక్క ఇంకా రాలేదు. జంతువుల మీద జాలి మనం పిల్లలకు నేర్పుతున్నామని అనుకుంటాం కానీ, చాలాసార్లు మనం నేర్పేది ఆ జాలిని ఎక్కడ ఆపాలన్నదే అని నాకు అనిపిస్తోంది. బసవనగుడి నందికి కూడా ఇలాంటి కథే ఉంది. వేరుశనగ చేనులో పడి మేస్తున్న ఎద్దును రైతు కోపంతో కొడితే అది అక్కడే రాయైపోయిందట. ఆ పశ్చాత్తాపానికే గుడి వెలిసిందనీ, కార్తీకమాసం చివరి సోమవారం కడలెకాయి పరిషె అనే వేరుశనగల జాతర అందుకే జరుగుతుందనీ చెబుతారు. అక్కడా మొదలు ఆకలే.

పాటలోని రసం శిశువుకూ పశువుకూ పాముకూ తెలుస్తుందని మన పెద్దలు ఎప్పుడో అన్నారు. ఆనందం విషయంలో పసివాణ్ణీ పశువునూ ఒకే పంక్తిలో కూర్చోబెట్టిన మాట అది. బాధ విషయంలో ఆ పంక్తి ఎందుకు చెదిరిందో అర్థం చేసుకోవాలంటే నాకు డార్విన్ గుర్తొస్తాడు. 1838లో ఆయన లండన్ జూలో జెన్నీ అనే ఒరాంగుటాన్‌ను చూశాడు. కాపలాదారు ఆపిల్ పండు చూపించి ఇవ్వకుండా ఊరిస్తే జెన్నీ వెల్లకిలా పడి, కాళ్ళు కొట్టుకుంటూ మారాం చేసే పిల్లలా ఏడ్చిందని అక్కకు ఉత్తరం రాశాడు. మరుసటి ఏడాది చివర ఆయనకు మొదటి కొడుకు పుట్టాడు. ఆ పసివాడి కోపం, భయం, నవ్వు ఎప్పుడెప్పుడు ఎలా కనబడ్డాయో నోట్సు పెట్టుకుంటూ వచ్చాడు. ఆ కొడుకు రెండేళ్ళు దాటాక జూకు వెళ్ళి, జింకలనూ పక్షులనూ సంబరంగా చూసి, బోనుల్లోని పెద్ద జంతువులను చూసి బెదిరిపోయాడు. ఎన్నడూ ఏ మృగమూ హాని చేయని పిల్లవాడికి ఈ భయం ఏ పూర్వీకుల నుంచి వచ్చిందో అని డార్విన్ ఆలోచించాడు. 1872లో మనుషుల్లో, జంతువుల్లో భావాలు బయటపడే తీరు మీద పుస్తకం వేశాడు. కొడుకు గురించి రాసుకున్నది 1877లో అచ్చయింది. ఒకే కన్నుతో ఇటు బిడ్డనూ అటు కోతినీ చూడగలగడం నాకు ఆయనలో అన్నిటికన్నా గొప్పగా కనిపించే గుణం.

ఆ చూపు తర్వాతి శాస్త్రవేత్తలకు చాలాకాలం రుచించలేదు. జంతువు అరుపు యంత్రం కిర్రుమనడం లాంటిదేనని 17వ శతాబ్దంలో డెకార్ట్ అనుయాయులు అన్న మాట కొత్త వేషాల్లో తిరిగొచ్చింది. అది జంతువుల దగ్గరే ఆగి ఉంటే వేరు. 1980ల నడిమి దాకా పాశ్చాత్య దేశాల పెద్దాసుపత్రుల్లో పసికందులకు ఆపరేషన్ చేసేటప్పుడు కదలకుండా ఉండే మందు ఇచ్చి, నొప్పి తెలియకుండా చేసే మందు బొటాబొటిగానో, అసలు లేకుండానో కానిచ్చిన సందర్భాలు ఎన్నో ఉన్నాయి. నరాలు ఇంకా ముదరలేదని, ఏడుపు వట్టి అసంకల్పిత చర్య అని, ఎలాగూ గుర్తుండదని కారణాలు చెప్పేవారు. భారతదేశంలో పుట్టిన కన్వల్‌జీత్ ఆనంద్ అనే వైద్యుడు ఆక్స్‌ఫర్డ్‌లో నెలలు నిండని శిశువుల మీద పరిశోధన చేసి, సరైన మత్తు అందిన పిల్లల్లో ఒత్తిడి హార్మోన్లు తక్కువగా పెరుగుతాయని, ఆపరేషన్ తర్వాతి చిక్కులు కూడా తగ్గుతాయని 1987లో చూపించాడు. దాంతో పద్ధతులు మారడం మొదలైంది. ఈ సంగతి మొదటిసారి చదివినప్పుడు నాకు రాత్రి నిద్ర పట్టలేదు. అడగందే అమ్మయినా పెట్టదంటారు, సరే. అడగలేని ప్రాణికి నొప్పే లేదని తీర్మానించుకోవడానికి మనిషికి ఎంత చదువు కావలసి వచ్చిందో!

అంతకు ముందే హ్యారీ హార్లో అమెరికాలో రీసస్ కోతిపిల్లలను తల్లుల నుంచి విడదీసి, తీగలతో చేసిన ఒక తల్లి బొమ్మనూ, మెత్తటి గుడ్డ చుట్టిన ఇంకో బొమ్మనూ ఎదురుగా పెట్టాడు. పాలసీసా తీగల బొమ్మకు తగిలించినా పిల్లలు తాగినంతసేపు తాగి, మిగతా పొద్దంతా గుడ్డ బొమ్మనే కరుచుకుని ఉండేవి. 1958లో ఆయన ఆ ఫలితాలను ప్రేమ స్వభావం అన్న పేరుతో ప్రకటించాడు. తల్లి అంటే పాలొక్కటే కాదని లోకానికి రుజువు చేయడానికి ఆ కోతిపిల్లలు అనాథలు కావలసి వచ్చింది. రీసస్ మన ఉత్తరాది కోతి. ప్రయోగశాలల కోసం లక్షల సంఖ్యలో మన దేశం నుంచి ఓడలూ విమానాలూ ఎక్కింది. 1978లో భారత ప్రభుత్వం ఆ ఎగుమతిని ఆపేసింది. హార్లో చూపించిన సత్యం మీద నాకు గౌరవం ఉంది. దాన్ని ఏ పల్లెటూరి మంత్రసానిని అడిగినా చెప్పి ఉండేదన్న బాధ కూడా ఉంది.

అదే కాలంలో లండన్‌లో జేమ్స్ రాబర్ట్‌సన్ ఒక సినిమా తీశాడు. రెండేళ్ళ పాప ఎనిమిది రోజులు ఆసుపత్రిలో ఉంటుంది. తల్లిదండ్రులు కాసేపు చూసిపోవచ్చంతే, దగ్గర ఉండటానికి వీల్లేదు. పాప పెద్దగా ఏడవదు. లోలోపల ముడుచుకుపోవడం కెమెరాకు చిక్కింది. ఏడుపు ఆగిన పిల్ల కుదుటపడిందని అంతవరకూ ఆసుపత్రుల వాళ్ళు నమ్మేవారు. 1952లో వచ్చిన ఆ సినిమా, పిల్లల వార్డుల్లో తల్లిని ఉండనిచ్చే పద్ధతి రావడానికి దోహదం చేసింది.

మా బెంగళూరులో ఉదయం తొమ్మిదికి ఏ డేకేర్ గేటు దగ్గర నిలబడినా ఆ పాప కనిపిస్తుంది. మారతహళ్ళిలోనో హెచ్ఎస్ఆర్ లేఅవుట్‌లోనో, ఒక చేత్తో లాప్‌టాప్ బ్యాగు, మరో చేత్తో బిడ్డ. తల్లి మెడను పట్టుకున్న బిడ్డ వేళ్ళను ఒక్కొక్కటిగా వదిలిస్తూ ఆయా లోపలికి తీసుకుపోతుంది. "నాలుగు రోజులు ఏడుస్తాడు మేడమ్, తర్వాత సెట్ అయిపోతాడు." ఊరెళ్ళేటప్పుడు కుక్కను అప్పగించి వచ్చే బోర్డింగ్‌లో కూడా అచ్చం ఇదే మాట చెబుతారు. ఆ తల్లిని నేను ఒక్క మాట అనను. ఈఎంఐలు, అద్దెలు, ఎక్కడో అనంతపురంలోనో గుంటూరులోనో ఉండిపోయిన అమ్మమ్మలు, అన్నీ నాకు తెలుసు. చాలామంది పిల్లలు నిజంగానే కుదురుకుంటారు కూడా. కానీ కుదురుకోవడానికీ ఆశ వదులుకోవడానికీ బయటికి ఒకే రూపం ఉంటుంది. మేరీ ఎయిన్స్‌వర్త్ పసిపిల్లల అనుబంధాన్ని పరీక్షించినప్పుడు తల్లి వెళ్ళిపోయేటప్పటి ఏడుపు కంటే తిరిగొచ్చినప్పుడు బిడ్డ ఏం చేస్తుందన్న దాన్నే ఎక్కువగా చూసింది. తల్లి వచ్చినా పట్టనట్టు బొమ్మల్లో మునిగిపోయే పిల్లల ఒంట్లో ఒత్తిడి తక్కువేమీ లేదని తర్వాతి పరిశోధనలు తేల్చాయి. పొద్దంతా బుద్ధిగా ఉండి, సాయంత్రం అమ్మను చూడగానే గొల్లుమనే పిల్లవాణ్ణి మొండివాడంటారు. నాకైతే వాడి విషయంలో బెంగ లేదు. వాడు ఏడుపు దాచుకున్నది వినే మనిషి ఉన్నందుకే.

ఇక్కడ రెండో ప్రమాదం గురించి కూడా చెప్పాలి. బాధ లేదనుకోవడం ఒక తప్పయితే, మన మనసులో ఉన్నదాన్ని ఎదుటి మొహం మీద చదవడం ఇంకో తప్పు. చెప్పు కొరికిన కుక్క తల వంచి, చెవులు వెనక్కి పెట్టి, ఓరగా చూస్తే తప్పు తెలుసుకుందంటాం. న్యూయార్క్‌లో అలెగ్జాండ్రా హొరోవిట్జ్ 2009లో దీన్ని పరీక్షించింది. తినొద్దన్న తినుబండారాన్ని కుక్క తిన్నా, తినకపోయినా, యజమాని గద్దిస్తే చాలు ఆ చూపు వచ్చేసింది. తినని కుక్కలను తిన్నాయని పొరబడి తిట్టినప్పుడు ఆ చూపు మరింత ఎక్కువగా కనిపించింది. అది మన కోపానికి జవాబే తప్ప నేరం ఒప్పుకోవడం కాదు. క్లాసులో నిలబెట్టిన పిల్లవాడు నేల చూపులు చూస్తే ఎన్నిసార్లు మనం తీర్పు చెప్పేశామో ఆలోచిస్తే గుండె కలుక్కుమంటుంది.

బెంగళూరు దగ్గరి నంది కొండ మీద ఆదివారం పూట ఈ పొరపాటును కళ్ళారా చూడొచ్చు. నడినెత్తిన టోపీలా జుట్టు ఉండే మన దక్షిణాది కోతులు, బోనెట్ మకాక్‌లు, పిట్టగోడల మీద కూర్చుని ఉంటాయి. కోతి పళ్ళు బయటపెడితే నవ్వుతోందని పిల్లలు ఇంకా దగ్గరికి వెళతారు, తండ్రులు ఫోన్ తీస్తారు. పెదాలు వెనక్కి లాగి పళ్ళు చూపడం ఆ జాతిలో బెదురుకు గుర్తు. ఆ బెదురు ఎటు తిరుగుతుందో చెప్పలేం. ఇంగ్లండ్‌లోని లింకన్ విశ్వవిద్యాలయంలో కెర్‌స్టిన్ మీంట్స్ బృందం చేసిన పరిశీలనల్లో, గుర్రుమంటున్న కుక్క మొహాన్ని చిన్నపిల్లలు నవ్వు మొహంగా పొరబడటం కనిపించింది. 2023 లెక్కల్లో దాదాపు 2.79 లక్షల వీధికుక్కలు తేలిన ఊరు మనది. కుక్కల మీద ప్రేమ ఉన్నవాళ్ళూ, ద్వేషం ఉన్నవాళ్ళూ ఏ అసోసియేషన్ మీటింగ్‌లోనైనా కొట్టుకు చస్తున్నారు. కరిచాక వాదించుకోవడమే తప్ప, తోక బిగిసిందా, ఒళ్ళు బిర్రబిగిసిందా, చూపు పక్కకు తిప్పుకుంటోందా అని పిల్లలకు చూపించేవాళ్ళు లేరు. తెలుగు, కన్నడ, ఇంగ్లీషు అక్షరాలన్నీ నేర్పుతున్నాం. మెట్ల కింద పడుకున్న ప్రాణి మొహం చదవడం కూడా ఒక చదువే.

శ్రద్ధగా చూసినవాళ్ళకు దొరికేది తక్కువేమీ కాదు. బెంగళూరులోని నియాస్ పరిశోధన సంస్థ నుంచి అనింద్య సిన్హా, ఆయన సహచరులు బండీపుర్‌లో ఈ బోనెట్ మకాక్‌లను ఏళ్ళ తరబడి గమనించారు. చేతిలో తిండి ఉన్న మనుషుల వైపు అవి మెత్తగా కూస్తూ చెయ్యి చాస్తాయని, మనిషి తమను చూస్తున్నాడో లేదో కనిపెట్టుకుని ఉంటాయని, దొరికాక అడగడం ఆపేస్తాయని 2018లో రాశారు. పసివాడు ఉగ్గుగిన్నె వైపు చెయ్యి చాచి, అమ్మ కళ్ళలోకి చూడటం లేదూ? లండన్‌లో కస్టాన్స్, మేయర్ 2012లో చేసిన మరో ప్రయోగంలో, ముక్కూమొహం తెలియని మనిషి ఏడుపు నటించినా కుక్కలు యజమానిని వదిలి ఆ మనిషి దగ్గరికే వెళ్ళాయి. దాన్ని సానుభూతి అనొచ్చా, లేదా ఏడ్చేవాళ్ళ దగ్గరికి వెళితే ముద్దు చేస్తారన్న అనుభవమా అని పరిశోధకులే జాగ్రత్తగా మాట్లాడారు. ఆ జాగ్రత్త నాకు నచ్చింది. పేరు పెట్టడంలో తొందరపడకపోవడం మంచిదే. కానీ పేరు తేలేదాకా చెయ్యి చాచకుండా కూర్చోవడం మాత్రం నాకు చేతకాదు. ఆ పేరు కోసం పసికందులు 1987 దాకా ఆగారు.

నిరుడు దీపావళి రాత్రి మా అపార్ట్‌మెంట్‌లో ఈ రెండు ప్రాణులూ పక్కపక్కనే కనిపించాయి. మొదటి అంతస్తులో మూడు నెలల బిడ్డ. కింద కరియ అని అందరూ పిలిచే నల్ల వీధికుక్క. లక్ష్మీబాంబు పేలినప్పుడల్లా బిడ్డ రెండు చేతులూ చాచి ఉలిక్కిపడి, మొహం కందగడ్డలా చేసుకుని గుక్కపెట్టేది. వాళ్ళ అమ్మమ్మ బిడ్డ చెవిని తన రొమ్ముకు ఆనించుకుని, వీపు నిమురుతూ హాల్లో అటూ ఇటూ తిరిగింది. కాసేపటికి బాంబు పేలినా బిడ్డ రెప్పలు అదిరి ఊరుకున్నాయి. కరియ మీటర్ బోర్డుల పక్కన మెట్ల కింద దూరబోయింది. పండగ రోజు శుభ్రంగా ఉండాలని ఆ గ్రిల్ తలుపుకు ఎవరో తాళం వేయించారు. ఒగర్చుతూ, చొంగ కారుస్తూ, గోళ్ళతో ఆ గ్రిల్‌ను గీకుతూనే ఉంది. వణుకు తోక దగ్గర మొదలై భుజాల దాకా పాకడం టార్చి వెలుతురులో స్పష్టంగా కనబడింది. ఇద్దరికీ వచ్చిన భయం ఒకటేనని ప్రమాణం చేసి చెప్పలేను. కానీ ఒకరికి దాన్ని దించుకోవడానికి ఒక ఒడి దొరికింది, మరొకరికి తాళం ఎదురైంది. తెల్లారి కరియ కనబడలేదు. మూడు వీధుల అవతల ఎవరిదో కారు కింద ఉందని పేపర్లు వేసే అబ్బాయి చెప్పాడు.

సుప్రీంకోర్టు 2018లో దీపావళి టపాకాయలకు రాత్రి 8 నుంచి 10 దాకా అని సమయం పెట్టింది. అదైనా పాటిస్తే ఎంతో మేలు. అది మా చేతుల్లో లేకపోయినా గ్రిల్ తాళం మా చేతుల్లోనే ఉంది. ఈసారి పండగకు వారం ముందే మీటింగ్‌లో అడగబోతున్నాను: పండగ రెండు రాత్రులూ తలుపు తీసి ఉంచాలి, లోపల గోనెపట్టాలు పరచాలి, ఒక గిన్నెలో నీళ్ళు పెట్టాలి. కుక్కల కోసమా అని అడిగేవాళ్ళు ఉంటారు. అవును, కుక్కల కోసమే.