ఔషధమందలి అవిశుద్ధి

సాంఖ్యకారికలను రచించిన ఈశ్వరకృష్ణుడు తన గ్రంథమును దేవతాస్తుతితో గాని మోక్షప్రశంసతో గాని గాక దుఃఖప్రస్తావముతో ఆరంభించి, దుఃఖమును పోగొట్టుటకు కంటికి కనబడు ఉపాయములు లోకమున ఉండగా తత్త్వవిచారముతో పనియేమి యను ఆక్షేపమును తానే లేవనెత్తి, ఆ ఉపాయములు తప్పక ఫలించునవియు కావు, ఫలించినను ఆ దుఃఖము మరల రాకుండ చేయునవియు కావు అని సమాధానము చెప్పెను. శరీరబాధ విషయమున ఆ కనబడు ఉపాయము వైద్యుడును ఔషధమునే యని వ్యాఖ్యాతలు వివరించిరి. క్రీ.శ. ఆఱవ శతాబ్దిలో పరమార్థుడు చీనాభాషలోనికి అనువదించునాటికే ప్రసిద్ధినందిన ఈ గ్రంథములోని ఆ మాటను, మూత్రమున మంటకు ఐదుదినములు యాంటిబయాటిక్ మాత్రలు మ్రింగి, స్వస్థపడి, ఆరునెలలు తిరుగకముందే అదే మంటతో వైద్యుని గడప త్రొక్కు స్త్రీ యెవరైనను వినినచో, ఇందు దర్శనశాస్త్రమేమున్నది, ఇది నా యనుభవమే గదా యనును. మూత్రాశయపు ఇన్ఫెక్షన్ అను ఈ వ్యాధి ఒకమారు సోకినవారిలో ఇంచుమించు నలుగురికొకరు ఆరునెలలలో మరల దీని పాలగుదురు.

మన యిండ్లలో దీనిని చాలకాలము వ్యాధిగా నెంచలేదు. వేడిచేసినదనిరి, బార్లీనీళ్ళు, మజ్జిగ, నానబెట్టిన సబ్జాగింజలు ఇచ్చిరి, స్త్రీలు బిడియముచేత ఆ మాటయు పైకి చెప్పక ఓర్చికొనిరి. చరకుడు మాత్రము శిరస్సుతోను హృదయముతోను సమముగా వస్తిని, అనగా మూత్రాశయమును, మూడు మహామర్మములలో నొకటిగా గణించి, మూత్రము కష్టముతో వెడలు మూత్రకృచ్ఛ్రమును ఎనిమిది విధములుగా విభజించెను. నేటి వైద్యము దీనికి ప్రధానకారణముగా చూపు ఈ-కోలై యను సూక్ష్మజీవిని 1885లో ఎషెరిష్ అను శిశువైద్యుడు పసిపిల్లల మలమునందు కనుగొన్నట్లు ప్రకటించెను. అది మన ప్రేగులలో నిరపాయముగా కాపురముండి, తన చోటు విడిచి మూత్రాశయము చేరినప్పుడే శత్రువగును. స్త్రీశరీరమున మూత్రనాళపు నిడివి సుమారు నాలుగు సెంటీమీటర్లు మాత్రమే గనుక ఆ ప్రయాణము అచ్చట సులభము. చోటు తప్పిన దానిని చంపబూనిన మందులలో పెక్కింటికి చోటు తప్పని దానిని విడిచిపెట్టు నేర్పు లేదు. సూక్ష్మజీవిని చంపుట హింసయగునా యను ప్రశ్నను జైనాచార్యులకు విడిచి, ఆ మందు రోగికే కలిగించు హింసను గూర్చి మాత్రమే నేనిచ్చట విచారింపదలచితిని.

దోషమును గణింపక దోషవిచారమునకు పూనుకొనుట శాస్త్రపద్ధతి కాదు గనుక మందులను గూర్చి కొంత నిదానముగా చెప్పవలసియున్నది. 1953 నుండి వాడుకలోనున్న నైట్రోఫ్యురాంటాయిన్ మూత్రమునందే సాంద్రమై పనిచేయును గనుక తక్కిన దేహమునకు దాని బెడద తక్కువ. అది వికారము పుట్టించును, మూత్రమునకు గోధుమరంగు తెచ్చును, భోజనముతో పుచ్చుకొన్నచో వికారమును తగ్గును. కాని నెలల తరబడి వాడినచో అరుదుగా ఊపిరితిత్తులు గట్టిపడుటయు, కాళ్ళుచేతులు తిమ్మిరెక్కుటయు కలదు. మూడుగ్రాముల పొడిని నీట కలిపి ఒక్కమారు త్రాగించు ఫాస్ఫోమైసిన్ సాధారణముగా నాలుగు విరేచనములతో సరిపెట్టును. కో-ట్రైమోక్సజోల్ పద్ధతి వేఱు. సూక్ష్మజీవి ఫోలిక్ ఆమ్లమును సిద్ధపఱచుకొని వినియోగించుకొను దారిని రెండుచోట్ల అడ్డగించుట దాని కిటుకు. ఆ ఫోలిక్ ఆమ్లమును 1940వ దశకమున లెడర్లీ ప్రయోగశాలలో కృత్రిమముగా నిర్మించిన బృందమునకు నాయకుడు భీమవరమున జన్మించిన మన యెల్లాప్రగడ సుబ్బారావు. శత్రువునకు దక్కనీయరాదని మనము తలచిన ఆ వస్తువే గర్భస్థశిశువునకు ప్రాణాధారమగుటచేత తొలినెలల గర్భిణికి ఈ మందునీయ వెనుదీయుదురు. ఇతరులయందు దద్దుర్లు సామాన్యము, చర్మమే పొరలుపొరలుగా ఊడివచ్చు ఘోరస్థితి మిక్కిలి అరుదు. ఇవి గాక, మేలుచేయు సూక్ష్మజీవులు నశించిన తావున శిలీంధ్రము ప్రబలి దురద పుట్టించుటయు, ప్రేగులలో క్లాస్ట్రిడియమ్ డిఫిసైల్ అను దుష్టజీవి విజృంభించి తీవ్రమైన విరేచనములు తెచ్చుటయు పెక్కు యాంటిబయాటిక్‌లకు సాధారణములైన దోషములు.

మన మెడికల్ షాపులలో చీటి లేకయే చేతికందుటకు అలవాటుపడిన సిప్రోఫ్లాక్సాసిన్, నార్‌ఫ్లాక్సాసిన్ మొదలగు ఫ్లోరోక్వినోలోన్ జాతి మందుల చరిత్ర మరింత విచారింపదగినది. ఈ జాతికి మూలమైన నాలిడిక్సిక్ ఆమ్లము 1962లో వెలుగుచూచినది. మలేరియామందైన క్లోరోక్విన్ తయారీలో అనుకొనకుండ లభించిన ఉపద్రవ్యము దానికి దారిచూపినది. కోరని ఫలము ఎల్లపుడును చెడ్డదేయని యనుకొనరాదనుటకు ఇదియొక నిదర్శనము. అయితే మడమవెనుకటి స్నాయువు ఈ మందుచేత తెగవచ్చునని 2008లో అమెరికా ఔషధనియంత్రణ సంస్థ నల్లగీతల చట్రములో హెచ్చరిక ముద్రింపజేసినది. నరములకు శాశ్వతహాని కలుగవచ్చునని 2013లో చెప్పినది. మహాధమని చీలవచ్చునని 2018లో చేర్చినది. ఈ నడుమ 2016లో, వేఱు మందు లభించునపుడు సామాన్యమైన మూత్రాశయపు ఇన్ఫెక్షన్‌కు దీనిని వాడరాదనియు, అట్టి చిన్నవ్యాధియందు మేలుకంటె కీడే యెక్కువయనియు నిర్ణయించినది.

ఇట్టి కర్మను మన శాస్త్రకారులు ఎట్లు తూచిరి? చరకసంహిత నిదానస్థానమున, అపస్మారమును గూర్చిన యెనిమిదవ అధ్యాయమున, ఒక రోగమునణచి మఱియొక రోగమును రేపు చికిత్స శుద్ధమైనది కాదనియు, అణచుటయే గాని రేపుట యెఱుగనిదే శుద్ధమనియు నిర్ద్వంద్వముగా చెప్పబడినది. సాంఖ్యులు ఇదే శుద్ధిశబ్దమును యజ్ఞముపై ప్రయోగించిరి. జ్యోతిష్టోమయాగమునందు పశువును వధింపవలెనని విధి; ఏ భూతమును హింసింపరాదని నిషేధము. విశేషవిధి సామాన్యనిషేధమును బాధించును గనుక యజ్ఞహింసలో పాపమే లేదని మీమాంసకుని వాదము. మిథిలాపండితుడైన వాచస్పతిమిశ్రుడు సాంఖ్యకారికలకు తాను వ్రాసిన వ్యాఖ్యయైన తత్త్వకౌముదిలో దీనినంగీకరింపడు. రెండు వాక్యములు ఒకేవిషయమున పరస్పరవిరుద్ధములైనపుడు గదా ఒకటి రెండవదానిని బాధించుట! వధ యజ్ఞమునకు ఉపకరించునని ఒక వాక్యము చెప్పుచున్నది, వధ చేసినవానికి అనర్థము కలుగునని రెండవది చెప్పుచున్నది. రెండును ఏకకాలమున సత్యములే కావచ్చును. కావున యజ్ఞము ఫలించును, పాపమును అంటును.

సాంఖ్యుని ఈ నిర్ణయము నాకు మీమాంసకుని వాదముకంటె నిజాయితీగలదిగా తోచును. మందు రోగమును కుదిర్చినది గనుక స్నాయువు తెగుట లెక్కలోనిది కాదనుట మీమాంసకమార్గము. రోగము కుదిరినది, స్నాయువును తెగినది అని రెండు పద్దులను రెండు తావుల వ్రాసికొనుట సాంఖ్యమార్గము. అయితే చరకుని ఆదర్శమును మన యిండ్లలో కొందఱు దుర్వినియోగపఱతురు: ఇంగ్లీషుమందు శుద్ధము కాదు గనుక దానిని ముట్టనే ముట్టరు, రోగము మూత్రపిండములకెక్కినదాక కషాయములతో కాలక్షేపము చేయుదురు. శుద్ధమైనది దొరకనపుడు ఏమి చేయవలెనన్నదే వారికి కావలసిన ప్రశ్న, దానికి ఉత్తరము సాంఖ్యులయొద్దనే యున్నది.

యజ్ఞమున కలిసిన దోషము కొద్దిపాటిదనియు, ప్రాయశ్చిత్తముచేత పరిహరింపదగినదనియు, పరిహరింపనిచో ఓర్వదగినదనియు ప్రాచీన సాంఖ్యుడైన పంచశిఖాచార్యుని యభిప్రాయముగా వాచస్పతి పేర్కొనెను. యజ్ఞదోషమును గూర్చి చెప్పిన ఈ మూడును ఔషధమునకు పరీక్షలుగా నిలువగలవు. నైట్రోఫ్యురాంటాయిన్ కలిగించు వికారము స్వల్పము. శిలీంధ్రముచేత కలుగు దురదకు పరిహారమున్నది. చచ్చుబడిన నరము స్వల్పమును కాదు, దానికి పరిహారమును లేదు. ఇక ఓర్చుటయొక్కటే మిగిలినది. మూత్రపిండములకు ఇన్ఫెక్షన్ ప్రాకి ప్రాణము మీదికి వచ్చినవాడు ఆ ప్రమాదమును ఓర్తునని యనుటలో న్యాయమున్నది. మూడుదినముల మంటకొఱకు అదే ప్రమాదమును నెత్తినవేసికొనుమనుట అన్యాయము. పదుమూడవ శతాబ్దిలో థామస్ అక్వినాస్ ఆత్మరక్షణను గూర్చి వ్రాయుచు, ఒకే క్రియకు రెండు ఫలములుండవచ్చుననియు, ఉద్దేశింపబడినదే క్రియకు స్వరూపమిచ్చుననియు చెప్పి, అయినను వలసినదానికంటె ఎక్కువ బలము ప్రయోగించుట అధర్మమని చేర్చెను. క్రైస్తవమతాచార్యుడు కర్త మనస్సునుండి బయలుదేరి, సాంఖ్యుడు కర్మఫలమునుండి బయలుదేరి, మోతాదు దగ్గఱ కలిసికొనుట గమనింపదగినది.

యజ్ఞమే లేని పశువధ యొకటి వైద్యమున జరుగుచుండును. వృద్ధులలో పెక్కుమందికి, ముఖ్యముగా స్త్రీలకు, ఏ బాధయు లేకయే మూత్రమున సూక్ష్మజీవులుండును. మంట లేదు, జ్వరము లేదు. మఱియేదో పనిమీద చేయించిన యూరిన్ కల్చర్ రిపోర్టులో మాత్రము ఒక పేరు కనబడినది. గర్భిణులకును, మూత్రమార్గమున శస్త్రచికిత్స చేయించుకొనబోవువారికిని తప్ప సాధారణముగా అట్టివారికి మందీయరాదని వైద్యశాస్త్రము చెప్పుచున్నను, కాగితముమీది యక్షరము చూచి భయపడిన కుమారుని తృప్తిపఱచుటకు మాత్రలు వ్రాయబడును. ఇచ్చట పోగొట్టుటకు దుఃఖము లేదు గనుక మందునకు మిగిలినది దోషమొక్కటే.

చరకుడు కోరిన శుద్ధచికిత్స ఈ వ్యాధివిషయమున మనము భయపడినంత దూరమున లేదు. మాటిమాటికి ఇది తిరుగబెట్టు 140 మంది స్త్రీలను రెండు వర్గములుగా చేసి, ఒక వర్గముచేత అలవాటునకు పైన దినమునకు లీటరున్నర నీరు అదనముగా త్రాగించి యేడాది గమనించిన పరీక్షాఫలితము 2018లో వెలువడినది; నీరు త్రాగినవారికి సగటున ఒకటిన్నరకు కొంచెము మించి, త్రాగనివారికి మూడుకు మించి ఈ వ్యాధి వచ్చినది. బార్లీనీళ్ళిచ్చిన అమ్మమ్మల వేడిసిద్ధాంతము నిలిచినను నిలువకున్నను వారి చెంబు మాత్రము నిలిచినది. కాని వచ్చిన వ్యాధిని ప్రతిమాఱు నీరు కుదుర్పజాలదు. చలితో వణకుచు, నడుమునొప్పితో జ్వరముతో వచ్చిన రోగికి అవిశుద్ధమైన మందే శరణ్యము. ఓర్తునో ఓర్వనో చెప్పు ఓపిక అతనికి లేనపుడు అతని బదులు బంధువు పలుకవచ్చును. మేలును కీడును ఆ యొక్క దేహమునందే పడునవి గనుక ఆ ప్రాతినిధ్యమును మనము అంగీకరింతుము. యజ్ఞమునందును ఇంతియే: స్వర్గము యజమానునిదే, పాపమును యజమానునిదే.

మేలొకచోట కీడొకచోట పడినచో ఈ సమర్థన నిలువదు. హైదరాబాదుచెంత పటాన్‌చెరువులో సుమారు తొంబది ఔషధకర్మాగారముల మురుగునీటిని శుద్ధిచేయు కేంద్రమునుండి వెలువడిన నీటిని లార్సన్ మొదలగు స్వీడనుదేశపు శాస్త్రజ్ఞులు పరీక్షించి 2007లో ప్రకటించినపుడు, లీటరుకు 31 మిల్లీగ్రాముల వఱకు సిప్రోఫ్లాక్సాసిన్ అందు కనబడినది. కొన్ని సూక్ష్మజీవులను చంపుటకు చాలు మోతాదుకు అది వేయిరెట్లు మించినది. ఆ నీటిలోను బ్రతుకనేర్చిన సూక్ష్మజీవి రేపు ఏ స్త్రీ మూత్రాశయమున చేరునో, ఆమెకు ఏ మందు పనిచేయకపోవునో యెవ్వరు చెప్పగలరు? ఆ మాత్ర మ్రింగి స్వస్థుడైనవాడు ఎచ్చటనో యున్నాడు; ఓర్తుమని ఆ నీరు చేరు వాగుల యొడ్డువారు ఎన్నడును అనలేదు, వారిని ఎవ్వరును అడుగలేదు. దోషము స్వల్పమును కాక, ఓర్పునకు అంగీకారమును లేనపుడు ప్రాయశ్చిత్తమొక్కటే గతి. కర్మాగారముల మురుగునీట యాంటిబయాటిక్‌లు ఇంతకు మించరాదని పరిమితులు విధించు ముసాయిదాను కేంద్రప్రభుత్వము 2020లో ప్రకటించినది. 2021లో వెలువడిన తుదినియమములలో ఆ పరిమితులు లేవు.