మూస మీద మీగడ

చెరువు నీళ్ళే అంటుకునే ఊళ్ళో కొలిమి పెట్టుకోవడానికి జానెడు చోటు దొరకలేదంటే నవ్వుతారు. 2015లో బెంగళూరు బెళ్ళందూరు చెరువు మీద తేలే నురగ మండింది. 2017 ఫిబ్రవరిలో ఒకసారి, 2018 జనవరిలో మరోసారి గడ్డి రగిలి, పొగ మా మేడల అంతస్తులన్నీ ఎక్కింది. ఆ చెరువు పక్కనే, తొమ్మిదో అంతస్తు బాల్కనీలో బకెట్టంత కొలిమి వెలిగిద్దామంటే మా అసోసియేషన్ వాళ్ళు నోటీసు పంపారు. వాళ్ళను తప్పుపట్టను. అల్యూమినియం కరగాలంటే 660 డిగ్రీల వేడి కావాలి, కింది ఫ్లాటు వాళ్ళకేమో బట్టలు ఆరాలి.

అందుకని చలికాలం శనివారాల్లో నలుగురం కారెక్కుతాం. ముళబాగిలు దాటి, నంగలి దాటి, పలమనేరు వైపు మాలో ఒకడి మామిడితోట ఉంది. డిక్కీలో గుడారం, దుప్పట్లు, పెరుగన్నం డబ్బా, రెండు బస్తాల బొగ్గులు, శివాజీనగర్ గుజరీలో తూకానికి కొన్న పాత పిస్టన్లు. పిస్టన్లే ఎందుకంటే అవి పుట్టడమే పోతలో పుట్టాయి, మళ్ళీ కరిగించినా చక్కగా పారతాయి. కూల్‌డ్రింకు డబ్బాలు కరిగిస్తే చిట్టెం తప్ప చేతికేమీ రాదని మొదటి ట్రిప్పులోనే తెలిసింది. ఇసుకలో కలపడానికి బెంటొనైట్ బంకమట్టి కావాలి. పిల్లుల కోసం అమ్మే గుళికల సంచుల్లో కొన్నిట్లో ఉండేది ఆ మట్టే. ఇంట్లో పిల్లి లేదు, నెలకో సంచి మాత్రం దిగుతుంది. డెలివరీ కుర్రాడు ఏమనుకుంటాడో!

పగలంతా ఇసుక పని. తడి ఎక్కువైతే ప్రమాదం, తక్కువైతే అచ్చు రాలిపోతుంది. గుప్పెట్లోకి తీసుకుని సున్నుండ చుట్టినట్టు నొక్కి, రెండు ముక్కలుగా విరిస్తే అంచు నున్నగా తెగాలి, వేలి గీతలు దాని మీద పడాలి. అప్పుడే పాకం కుదిరినట్టు.

చిన్నప్పుడు మా ఊళ్ళో ఏటా చింతచెట్టు కింద కళాయివాళ్ళు దిగేవాళ్ళు. గుంట తవ్వి, తోలుతిత్తి ఆనించి, ఇత్తడి గిన్నెను ఎర్రగా కాచి, నవాసారం చల్లి తగరం ముక్క అలా తాకించేవారు. తెల్లటి పొగలోంచి దూదితో ఒక్క తుడుపు తుడిస్తే గిన్నెలోపల వెండి మెరిసేది. మూడోనాటికి చెట్టు కింద బూడిద మిగిలేది, మనుషులుండేవాళ్ళు కాదు. బెంగాల్, ఒడిశాల డోక్రా కమార్లు కూడా ఇలా ఊరూరా తిరిగి, ఊరి బయట బసచేసి పోతపోసినవాళ్ళే. మనవైపు జైనూరు మండలం ఉషేగావ్‌లో ఓజులు ఈనాటికీ మట్టిబొమ్మ మీద మైనపు దారం చుట్టి, పైన మళ్ళీ మట్టి మెత్తి, మైనం కరిగిపోయిన దారిలోనే ఇత్తడిని పంపుతారు. గోండుల దేవతలు అలా పుడతారు. ఆ పనికి 2018లో ఆదిలాబాద్ డోక్రాగా భౌగోళిక గుర్తింపు వచ్చింది. మొహెంజొదారోలో దొరికిన నాట్యగత్తెదీ ఇదే మైనపు దారి. నాలుగు వేల ఏళ్ళకు పైబడిన పిల్ల, ఎత్తు పది సెంటీమీటర్లు దాటి కొంచెం. కరిగిన లోహం అంత సన్నటి చేతిలోకి ఎలా పారిందో, ఆ గాజుల వరస దగ్గర ఎందుకు ఆగిపోలేదో తలుచుకుంటే మా పిస్టన్ల ముందు కూర్చున్న నాకు ఒళ్ళు జలదరిస్తుంది.

చీకటి పడ్డాక అసలు పండగ. కారు బ్యాటరీకి తగిలించిన చిన్న ఫ్యాను తిత్తి పని చేస్తుంది. బొగ్గులు ముందు గుర్రుమంటాయి, తర్వాత ఒకటే హోరు. మంచు కురిసే రాత్రి గనక పిస్టన్ ముక్కల్ని కొలిమి అంచు మీద ఆరబెట్టి మరీ వేస్తాం. కరిగిన లోహం కింద చిక్కిన నీటిచుక్క ఆవిరై 1,600 రెట్లకు పైనే ఉబ్బుతుంది, మూసలో ఉన్నదంతా మొహాన చిమ్ముతుంది. ఆ అరగంటా మాలో ఎవడూ జోకు వెయ్యడు.

మూత తీస్తే మూస దానిమ్మగింజ రంగులో ఉంటుంది, లోపల మాత్రం వెండి. పైన సన్నటి పొర, కాగిన పాల మీద మీగడలాగే ముడతలు పడుతుంది. కాచిన గరిటెతో ఆ మీగడ పక్కకు తీస్తే కింద అద్దం. అందులో మామిడికొమ్మ, ఒంగి చూస్తున్న మా మొహాలు. క్షణంలో మళ్ళీ మీగడ. మూస సినిమా, మూస కథ అని తిడుతుంటాం గానీ, కాలిన మూసలోకి ఒకసారి తొంగిచూసినవాడికి ఆ మాట తిట్టులా నోట రాదు.

ఈసారి అచ్చు రావాకుది. వెనక మైనం అద్ది మందం తెచ్చి, టాల్కం పౌడరు చల్లి, ఇసుకలో ఒత్తాం. ఇద్దరు పట్టకార్లతో మూసనెత్తారు. ధార సన్నగా, తెగకుండా, చప్పుడు లేకుండా దిగింది. గొట్టం నిండి పైకి పొంగిన చుక్క చూస్తూండగానే మధ్యలో గుంటపడింది. చల్లారే లోహం ముడుచుకుంటూ కింద తనకు కావలసింది పైనుంచి తాగేసింది. ఎన్నిసార్లు చూసినా నాకది దాహంలాగే ఉంటుంది.

అచ్చు తెల్లారేదాకా విప్పకూడదని మా నియమం. గుడారంలో ఎవరికీ నిద్రపట్టదు. కౌండిన్య అడవి ఏనుగులు ఆ చుట్టుపక్కల తోటల్లోకి దిగుతుంటాయని, ఆకు కదిలినా నలుగురం లేచి కూర్చుంటాం. చలికి మళ్ళీ కొలిమి పక్కకే చేరి, మిగిలిన నిప్పుల మీద కాఫీ పెట్టుకుంటాం. అల్యూమినియాన్ని కరిగించిన బొగ్గు పాలు కాచడానికి మహా బద్ధకిస్తుంది.

పొద్దున ఇసుక పగలగొడితే ఆకు వచ్చింది. నడిమి ఈనె, దాన్నుంచి చీలిన పిల్ల ఈనెలు, పురుగు కొరికిన చిల్లు సైతం! రావాకుకు అందమంతా ఆ పొడుగాటి కొనలోనే కదా, అది మాత్రం రాలేదు. లోహం అక్కడికి చేరేలోపే గడ్డకట్టింది.

ఆదివారం సాయంత్రం చెరువు పక్కగా బెళ్ళందూరు చేరాం. గోళ్ళలో నల్లటి ఇసుక, చొక్కాల నిండా పొగ. గేటు దగ్గర కదిరి వాచ్‌మన్ ముక్కు ఎగబీల్చాడు.

“యాడికి పొయ్యొచ్చినారు సార్, కాలిన వాసనొస్తాండాది?”

ఆకు చేతిలో పెట్టాను. అటూ ఇటూ తిప్పి, వేలితో అంచు తడిమి, కొన లేనిచోట ఆగాడు.

“రావాకే. మళ్ళా కరిగిస్తారా దీన్ని?”

“ఊఁ, వచ్చేసారి.”

“అంతవరకూ ఈడ పెట్టుకుంటా” అని రిజిస్టరులో, మా పేర్లు రాసిన పేజీల మధ్య పెట్టుకున్నాడు.